గ్యాలరీలో పడక

చపాతీ సగం గుండ్రంగా సాగి కర్ర కింద ఆగిపోయింది. రత్నాబాయి తల ముందుకు వాలింది. గడ్డం రొమ్ముకు ఆనింది. గొంతులోంచి గరగరమని చప్పుడు మొదలైంది.

"మావ్శీ! పెనం మాడుతుంది!" అని యజమాని షేట్ అరిచాడు.

ఆమె ఉలిక్కిపడి, అసలు నిద్రే పోనట్టు కర్రను మళ్లీ దొర్లించింది. ఫాక్‌లాండ్ రోడ్డు పక్క సందులోని ఆ ఖానావళిలో, బల్లల దగ్గర భోజనం చేస్తున్నవాళ్లు నవ్వారు. వాళ్లకిది అలవాటే.

లావు మెడ, వాచిన పాదాలు, కళ్ల కింద నలుపు. ఏళ్ల తరబడి చక్కెర జబ్బు. ఎంతసేపు పడుకున్నా తెల్లారేసరికి రాత్రంతా ఇటుకలు మోసినట్టే ఉండేది ఆమెకు. తాపీ పని చేసే మొగుడు బతికున్నన్నాళ్లూ, గురక పెడితే కాలితో తన్ని లేపేవాడు. బడిలో ఆయాగా ఉన్నప్పుడు పిల్లల పక్కనే కునుకు తీసిందని పని పోయింది. కామాటిపురాలోని వరస గదుల చాల్‌లో వాళ్లకున్నది ఒక్కటే గది. కొడుకు రితేశ్‌కు పెళ్లయ్యాక ఆమె పడక బయట అందరూ నడిచే గ్యాలరీలోకి మారింది. అక్కడ ఆమె గురక భరించలేక పక్కగది శివరాం గోడ మీద గుద్దేవాడు. మొద్దునిద్రది, ఆళ్సిది అనే మాటలు విని విని, తను అలాంటి సోమరిదేనని ఆమే నమ్మింది.

ఆ రోజు పొద్దుటి పని ముగించుకుని మాత్రల కోసం దవాఖానకు వెళ్లింది. అక్కడ చక్కెర రోగులందరికీ కొత్తగా ఏదో పరీక్ష చేస్తున్నారు. సూది లేదు, రక్తం లేదు. నీత సిస్టర్ ఆమె మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. నోరు పెద్దగా తెరిచి నాలుక చాపమంది. టార్చి వేసి చూస్తే నాలుక వెనక గొంతుదారి కనబడనే లేదు.

"పగలు కూసున్నకాడ నిద్ర పడుతుందా మావ్శీ?"

రత్నాబాయి తల దించుకుంది. "పడుతది బేటీ. నేను జర ఆళ్సిదాన్ని."

"ఆళసం గాదు. నిద్రల నీ గొంతు మూసుకపోయి ఊపిరి ఆగుతున్నట్టుంది. చక్కెరున్నోళ్లల్ల శానామందికి ఉంటది, తెల్వదు. పెద్ద దవాఖానల ఒక రాత్రి పండబెట్టి మిషన్‌తోని చూస్తరు. దీనికి ఇలాజ్ ఉన్నది, నయమైతది. ఇంట్ల ఒకర్ని తోడు తోలుకపో. లేటు జెయ్యకు."

చాల్ మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చినా ఆమె ఆగలేదు. రితేశ్ డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"రితేశా, నేను ఆళ్సిదాన్ని గాదంట రా. బీమారి అంట. ఊపిరి ఆగుతదంట."

"గురక అందరికీ వస్తది అమ్మా."

"ఒక్క రాత్రి తోడుండాలె. గంతే."

"డ్యూటీకి సుట్టి యాడ దొరుకుతది? గణపతి పండుగ అయినంక చూద్దాం."

కోడలు మనాలి కూరగాయలు తరుగుతూ నవ్వింది. "పండుకునేతందుకు గూడ దవాఖానకు వోవాల్నా అత్తమ్మా?"

రత్నాబాయి గడప దగ్గర కాసేపు నిలబడింది. అయితే ఇన్నేళ్లూ నీ తప్పు కాదన్నమాట అని ఎవరైనా అంటారేమోనని చూసింది. రితేశ్ ఆమెను తప్పుకుని వెళ్లిపోయాడు. ఆమె అన్నం తిని, గ్యాలరీలో చాప పరచుకుని వెల్లకిలా పడుకుంది.

గురక మొదలైంది. మధ్యలో తెగింది, మళ్లీ బుస్సుమని లేచింది. గదిలో మనాలి టీవీ చప్పుడు పెంచింది. కొంతసేపటికి గురక మళ్లీ తెగింది. ఈసారి లేవలేదు. మనాలి టీవీ చప్పుడు తగ్గించింది.

సాయంత్రం నీళ్లు వచ్చే వేళకు శివరాం బకెట్టుతో బయటికొచ్చాడు. "ఇయ్యాల పెద్దమ్మ చప్పుడు లేకుంట మంచిగ పండుకున్నది" అన్నాడు మనాలితో. దారిలో చాచి ఉన్న రత్నాబాయి చేతిని పక్కకు జరపబోయి వంగాడు. చెయ్యి చల్లగా తగిలింది.

కబురందుకుని రితేశ్ పరుగున వచ్చాడు. నలుగురూ కలిసి ఆమెను గదిలోకి చేర్చారు. చాప చుట్టబోయిన మనాలికి దిండు కింద బట్టల క్లిప్పు ఒకటి దొరికింది.

"దీన్ని దండెం మీద ఎంత ఎతికిన్నో" అంది.

శివరాం క్లిప్పును చేతిలోకి తీసుకున్నాడు. "గురక రాకుండ ముక్కుకు పెట్టుకుంటుండె. ఒకనాడు చూసి నవ్విన. నా నిద్ర చెడగొడుతున్ననని..."

నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పు. ఒరుసుకోకుండా దాని రెండు అంచులకూ పాత చీర పేలిక మెత్తగా చుట్టి, దారంతో జాగ్రత్తగా కుట్టి ఉంది.