రొట్టెల బండికి రెండో జత లైట్లు

బాబాయ్ అట్టపెట్టె చంకలో పెట్టుకుని షెడ్డులోకి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. పెట్టె మీద లైట్ల బొమ్మ ఉంది. తన పికప్‌కి ముందు బంపర్ మీద అదనపు లైట్లు ఒక జత నేనే బిగించి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు.

"మళ్ళీనా? బండి నడుపుతున్నావా, సముద్రంలో ఓడలకి దారి చూపిస్తున్నావా?" అన్నాను.

"వాగకుండా బిగించవే, ఫ్యూజూ. వీధి దీపాలు సగం వెలిగి చావట్లేదు. తెల్లారకముందు రోడ్డంతా తారుడబ్బాలో దిగినట్టుంటోంది."

ఆరేళ్ళప్పుడు ప్లగ్గులో హెయిర్‌పిన్ను దూర్చి ఇల్లంతా చీకటి చేశానట. అప్పటినుంచి బాబాయ్‌కి నేను ఫ్యూజునే. నాన్న పోయినప్పుడు ఆయన నడిపిన ఈ షెడ్డు అమ్మేద్దామని చుట్టాలంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. ఆడపిల్ల బండ్ల కింద దూరి వైర్లు లాగుతుందా అన్నారు. బాబాయ్ ఒక్కడే అడ్డం తిరిగాడు. మర్నాడు పొద్దున్నే తన పికప్ తెచ్చి షెడ్డు మధ్యలో నిలబెట్టి, హార్న్ పలకట్లేదు చూడమన్నాడు. హార్న్ శుభ్రంగా పలుకుతోంది. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను గంటసేపు విప్పి మళ్ళీ బిగించాను. తను స్టూల్ మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాడికీ వినపడేలా "మా అమ్మాయి చేస్తోంది" అని చెప్పాడు.

బాబాయ్ ఇరవై ఆరేళ్ళుగా బేకరీ రొట్టెలు మోస్తున్నాడు. తెల్లవారుజామున మొదటి ట్రేలు బయటికి రాగానే బండి నింపుకుని టీకొట్లు, హాస్టళ్ళు, చివరికి ఆసుపత్రి క్యాంటీన్ చుట్టి వస్తాడు. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే, కాలేదు.

ఆ మధ్యాహ్నం పని మామూలుగానే మొదలుపెట్టాను. బంపర్‌కి రంధ్రాలు వేసి క్లాంపులు బిగించాను. బ్యాటరీ పక్కన, లైట్లకి కరెంటు అందించే రిలే పెట్టి, వైరు ఇంజను వేడి తగలకుండా గొట్టంలోంచి లోపలికి లాగాను. స్టీరింగ్ కింద, మొదటి స్విచ్ పక్కనే రెండోది కూర్చోబెట్టాను. వైరు కోసం అటుపక్క తలుపు తీయబోతే, దాని మీద మూరెడు పొడవున సొట్ట కనిపించింది. ఎవరిదో పసుపు రంగు అందులో అంటుకుని ఉంది. పక్క అద్దం టేపుతో చుట్టి ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"ఎవడో వెధవ. ఆపి ఉన్న బండిని గీకేసి పోయాడు."

వెనక మడ్‌గార్డు కొత్తది. రంగు కూడా కలవలేదు.

"ఇది కూడా ఆ వెధవేనా?"

"కాదు, వాడి తమ్ముడు," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

లైట్లు బిగించగానే పని అయిపోదు. వెలుగు ఎదుటివాడి కళ్ళలో కొట్టకుండా, రోడ్డు మీద సరిగ్గా పడేలా సరిచూడాలి. బండిని వెనక గోడకి పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి, షట్టర్ దించేశాను. షెడ్డు చీకటైంది. బాబాయ్ సీట్లో కూర్చుని స్విచ్ నొక్కాడు. గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా తెల్లగా వెలిగింది. ఎడమ పక్క తగిలించిన క్యాలెండర్‌లో అంకెలు కూడా చదవొచ్చు.

"ఎలా ఉంది?" అని అరిచాను.

"మధ్యలో బాగానే ఉంది. పక్కలకి అస్సలు రావట్లేదే. కొంచెం విడదియ్యి."

ఏడిపిస్తున్నాడనుకున్నాను. కుడి పక్క నిచ్చెన ఆనించి ఉంటే దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వెలుగు నా మొహం మీద పడుతుంటే కళ్ళు చికిలించాను. రెండు చేతులూ పైకెత్తాను.

"బాబాయ్, నేనెక్కడున్నాను?"

అద్దం వెనక తన తల మెల్లగా ఎడమకి తిరిగింది. మళ్ళీ మధ్యకి వచ్చింది. తర్వాత కుడికి, కాస్త కాస్తగా, గోడంతా వెతుక్కుంటూ వచ్చింది.

"ఎక్కడికి పోయావే? ఆ... కనిపించావు."

నేను ఎత్తిన చేతులు దించడం మర్చిపోయాను.

వెళ్ళి షట్టర్ ఎత్తాను. పగటి వెలుతురు లోపలికొచ్చింది. బాబాయ్ దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని గోడ వైపే చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఏది?"

"బాబాయ్."

"యేడాది పైనే. డాక్టర్‌కి చూపించుకున్నాలే. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందట. పోయింది పోయినట్టేనట. చుక్కలు వేసుకుంటే మిగిలింది మిగులుతుందట."

"పిన్నికి తెలుసా?"

"పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తన్నేస్తున్నానని రోజూ తిడుతోంది. వయసు అనుకుంటోంది. అనుకోనీ."

"అందుకా ఈ లైట్లు?"

"వెలుతురు ఎక్కువైతే సరిపోతుందనుకున్నానే," అన్నాడు. తప్పు చేసి దొరికిన పిల్లాడి గొంతు అది. బాబాయ్‌కి ఆ గొంతు ఉందని నాకు అంతవరకూ తెలీదు.

కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేసుకున్నాను.

"ఏంటది? ఇటివ్వు."

"ఇవ్వను."

"రేపు ఆసుపత్రికి రొట్టెలు ఎవరు వేస్తారు?"

"ఎవరో ఒకరు వేస్తారు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. బాబాయ్ మొహం వాడిపోయింది. అయినా నేను ఆగలేదు. "తలుపు మీద ఆ సొట్ట ఏంటో నిజం చెప్పు."

"బేకరీ గేటు."

"మడ్‌గార్డు?"

వేలితో కొత్త స్విచ్ తడుముతున్నాడు.

"బాబాయ్, మడ్‌గార్డు?"

"స్కూటరు. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. లేచి నన్ను నానా తిట్లూ తిట్టింది. నేనే ఇంటిదాకా దింపి వచ్చాను. ఆ పిల్ల ఎటునుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు, ఫ్యూజూ."

తాళంచెవి నా పిడికిట్లో ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. తర్వాత బాబాయ్ దిగి, తలుపు దబాలున వేశాడు.

"నీ చేత స్పానరు పట్టిస్తే, తెచ్చి నా గొంతు మీదే పెట్టావు," అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. బయట ఆపి ఉన్న కారు అద్దం తన మోచేతికి కొట్టుకుంది. నేను రెండడుగులు పరిగెత్తి ఆగిపోయాను.

సాయంత్రం పిన్నికి చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి కత్తి పక్కన పెట్టి, చాలాసేపు వేళ్ళు చీరకొంగుకి తుడుచుకుంటూనే ఉంది. "గ్లాసు పడేసిన ప్రతిసారీ తిట్టానే," అంది. "ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పకూడదూ ఆ మనిషి?"

మూడు వారాలు బాబాయ్ నాతో మాట్లాడలేదు. ఇంటికి వెళ్తే, నా అడుగుల చప్పుడు తెలిసి కూడా "ఎవరూ?" అని అడిగి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. బేకరీ వాళ్ళు వేరే డ్రైవర్‌ని పెట్టుకున్నారు. రోజూ అలవాటైన వేళకే లేచి, చొక్కా తొడుక్కుని, తెల్లారేదాకా మంచం అంచున కూర్చుంటున్నాడని పిన్ని చెప్పింది. ఎందుకని అడిగితే, ఏం చెయ్యాలో తెలీట్లేదన్నాడట.

బండి కొనడానికి ఒక మొక్కల నర్సరీ ఆవిడ ముందుకొచ్చింది. ఒప్పుకుంటాడో లేదో అనుకున్నాం. ఒప్పుకున్నాడు. బండి ఇచ్చేరోజు షెడ్డుకి తనే నడిచి వచ్చాడు, ఇక దాచేదేమీ లేదన్నట్టు గోడ పట్టుకుని. నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నన్ను పలకరించలేదు. నర్సరీ ఆవిడని కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పాడు. రివర్స్ గేరు కొంచెం మొండికేస్తుంది, బలవంతం చెయ్యొద్దు. వెనక తలుపు కాస్త పైకెత్తి వెయ్యాలి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపెయ్యాలి.

"ముందు ఇన్ని లైట్లున్నాయేంటండీ?" అందావిడ.

"మా అమ్మాయి బిగించింది," అన్నాడు బాబాయ్. "మంచులో కూడా దారి అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది."

నేను రిలే చూస్తున్నట్టు బానెట్ కిందకి వంగాను. నా కళ్ళు ఆవిడకి కనపడకూడదని.

ఆవిడ బండి తీసింది. రొట్టెల వాసన కొట్టే ఆ క్యాబిన్‌లో ఎవరో కొత్త మనిషి కూర్చుని వెళ్ళిపోతుంటే, బాబాయ్ షట్టర్ దగ్గర నిటారుగా నిలబడ్డాడు. చప్పుడు దూరమైంది.

"ఎటు తిరిగిందే?" అన్నాడు. ఆ "ఎవరూ?" తప్పిస్తే, మూడు వారాల్లో నాతో అన్న మొదటి మాట.

"కుడికి."

కుడికి తిరిగి, కొంచెం తల ఎత్తి, చూస్తూ నిలబడ్డాడు. అప్పటికే బండి మలుపు దాటిపోయింది. రోడ్డు మీద ఒక సైకిలు తప్ప ఏమీ లేదు.

"బాగానే నడుపుతోంది," అన్నాడు.

"బాగానే నడుపుతోంది బాబాయ్."

దింపి వస్తానని చెయ్యి అందించాను. "దారి నాకు తెలీదా?" అని విదిలించుకుని బయల్దేరాడు. ఒక చెయ్యి గోడల మీద రాస్తూ, గుమ్మాలు వచ్చినచోట ఆగుతూ వెళ్తున్నాడు. నేను షెడ్డు అలాగే వదిలేసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, తనకి కనిపించని పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నడిచాను. ఇంటిదాకా బాబాయ్ ఒక్కసారి కూడా తల తిప్పలేదు.