గోడ మీది పళ్లు

మా అక్క మొగుడు పళ్ల డాక్టరు. ఆయన క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే పని నాది. ఇంట్లో ‘బావా’ అంటాను, క్లినిక్‌లో ‘డాక్టరుగారూ’ అనాలి. నా ఎదురుగా గోడ మీద ఒక పెద్ద ఫొటో ఉండేది. ఎడమ పక్క ‘ముందు’ అని రాసి, నల్లగా అరిగిపోయిన మొండిపళ్లు, వాచిన చిగుళ్లు. కుడి పక్క ‘తర్వాత’ అని రాసి, చక్కటి పలువరస. అది మన పేషెంటు నోరేనని బావ చెప్పాడు. నేను వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను, ఆరేళ్లపాటు, చిలకలాగా.

ఆ ఫొటో ఎండకు వెలిసిపోయింది. కొత్తది వేయించమన్నాడు బావ. ప్రింటింగ్ షాపతను ఫైలు చూసి పెదవి విరిచాడు.

“ఇది మరీ చిన్నదండీ, పెద్దది చేస్తే మసకగా వస్తుంది. ఈ ఫొటోనే పెట్టి సెర్చ్ చేయండి. ఇంకా పెద్దది ఎక్కడైనా దొరకొచ్చు.”

మన పేషెంటు ఫొటో ఇంకెక్కడ దొరుకుతుంది అనుకుంటూనే, మర్నాడు పొద్దున్న క్లినిక్ తెరవగానే సెర్చ్ చేశాను. నలభై చోట్ల ఉంది. పళ్లపొడి అమ్మేవాడి దగ్గర, నా జన్మలో వినని భాషల్లో బోర్డులు పెట్టుకున్న డాక్టర్ల దగ్గర, అదే నోరు, పెదవి మూల అదే పుట్టుమచ్చ. పదిమంది ఎంగిలి చేసిన గ్లాసుతో నీళ్లు తాగినట్టు అనిపించింది.

పాతవాటి వైపు ఒక్కొక్కటీ తెరుస్తూ పోతే, చివరికి ఒక దంతవైద్య కళాశాల పేజీ వచ్చింది. అన్నిటికన్నా పాతది అదే, పెద్ద ఫొటో ఉన్నదీ అక్కడే. కానీ అందులో పలువరస ఎడమ పక్క ఉంది, మొండిపళ్లు కుడి పక్క ఉన్నాయి. కింద రాసింది రెండుసార్లు చదివాను. ఆ మనిషి పళ్లకు ఏ జబ్బూ లేదట. అందం కోసం ఎవరో వాటిని అరగదీసి క్యాపులు వేస్తే, లోపలంతా కుళ్లిపోయి, నాలుగేళ్లకు క్యాపులు తీసినప్పుడు బయటపడ్డ నోరట అది. ఇలా చేయకూడదని విద్యార్థులకు చూపించే ఫొటో. దాన్ని ఎవడో తిరగేశాడు, మిగతావాళ్లు ఎత్తుకొచ్చి గోడలకు తగిలించుకున్నారు.

గడియారం చూశాను. పది గంటలకు మా పక్కింటి టైలర్ పిన్ని వస్తోంది. ఆవిడ ముందు పళ్ల మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు ఉంటుంది, అంతే. ఆ పళ్లతోనే దారం పుటుక్కున కొరికేస్తుంది. ఆ రోజు ఆరు పళ్లు అరగదీయించుకుని క్యాపులు వేయించుకోబోతోంది. ఈ గోడ చూపించి ఒప్పించింది నేనే.

లోపలికి పరిగెత్తాను. బావ చేతికి గ్లవ్స్ ఉండగానే బిస్కెట్టు తింటున్నాడు.

“బావా, ఆ ఫొటో మన పేషెంటుది కాదు. పైగా తిరగేసింది. నీకు తెలుసా?”

మిగిలిన బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు.

“తెలిస్తే ఏంటి? ఎవరి నోరైతే ఏంటి? గోడ మీద ఏదో ఒకటి ఉంటే జనానికి ధైర్యం. నీ పళ్లు చేసింది ఎవరు? ముత్యాల్లా లేవూ?”

ముత్యాలే, పైకి. మొదటి ఏడాదే నా ముందు పళ్లు నాలుగూ అరగదీసి క్యాపులు వేశాడు. చల్లనీళ్లు తగిలితే ప్రాణం పోతుంది. చిగురు అంచున నల్లటి గీత, పొద్దున లేస్తే నాకే భరించలేని వాసన. పైన పటారం, లోన లొటారం. చెబితే అక్క కాపురంలో గొడవలని, పై పెదవి లేవకుండా నవ్వడం నేర్చుకున్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను, కానీ ఇన్నాళ్లూ వాడి సరుకుకు కేకలు వేసి పెట్టింది కూడా నేనే. ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీద నాకూ అంతే వేసింది.

పిన్ని సరిగ్గా పదింటికి వచ్చింది. గోడ వంక మురిపెంగా చూసింది.

“నాకూ అలాగే వస్తాయి కదే?”

కళాశాల పేజీ ముందు పెట్టి, చదివి చెప్పాను. ఆవిడ తేలిగ్గా నవ్వేసింది.

“నెట్‌లో లక్ష రాస్తారే. వాటిని నమ్ముకుంటే అన్నం కూడా తినలేం. నీవీ మీ బావ చేసినవే కదా, ఎంత బాగున్నాయో చూడు!”

లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. “ఆవిణ్ణి పంపించు.”

పిన్ని లేచింది. నేను బల్ల మీదుగా వంగి, రెండు వేళ్లతో పై పెదవిని ముక్కు దాకా ఎత్తి పట్టుకున్నాను.

పిన్ని దగ్గరగా వచ్చి చూసింది. వెంటనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. ఆ తర్వాత చెయ్యి తన పళ్ల మీదికి వెళ్లింది.

“అయ్యో తల్లీ, ఇన్నాళ్లూ చెప్పవేమే!” అని సంచీ తీసుకుంది.

పిలిచినా ఎవరూ రాలేదని బావ గుమ్మంలోకి వచ్చాడు. నేను పెదవి వదల్లేదు. క్యాపులు వేశాక ఆయన నా నోరు చూడటం అదే మొదటిసారి. ముఖం తిప్పుకున్నాడు.