మూడో మెషిన్ మీది పచ్చ పాకెట్

పచ్చ పాకెట్ మళ్ళీ పక్కకి జరిగింది.

మెయ్‌చిన్ పొద్దున డ్యూటీకి వచ్చి మూడో మెషిన్ వెనక నడవలోకి వెళ్ళి చూసేసరికి, కంట్రోల్ పెట్టె నెత్తిన ఉండాల్సిన పాకెట్ పక్క అరలో పడి ఉంది. ఆమెకు ఒళ్ళు మండింది.

షిన్‌చూ ఊళ్ళో చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. ఆ పాకెట్‌లో ఉండే మొక్కజొన్న చిరుతిండి పేరుకి అర్థమే ‘బుద్ధిగా ఉండు’ అని. మెషిన్ మీద పెడితే మెషిన్ మాట వింటుంది. పచ్చ రంగుదే పెట్టాలి. పసుపూ ఎరుపూ పనికిరావు, అవి మెషిన్ ఆగినప్పుడు వెలిగే దీపాల రంగులు. తేదీ దాటకూడదు. ఆకలేసి విప్పి తిన్నవాడి మొహం ఎవరూ చూడరు. నవ్వేవాళ్ళను నవ్వుకోనీయండి, కోట్ల మెషిన్ మొరాయించిన రోజున వాళ్ళే పాకెట్ కొనుక్కుని పరిగెత్తుకొస్తారు.

ఆమె దాన్ని తీసి మళ్ళీ పెట్టె నెత్తిన పెట్టింది. జరిపేది పోయెన్ కాక ఇంకెవరు? పోటీ ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు. ఆమె డ్యూటీ దిగాక మెషిన్ చూసుకునేది అతనే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కావాలన్నా ఊడిపోవాలన్నా మెయ్‌చిన్ ఒక్క మాట చాలు.

మూడో మెషిన్ పని అద్దాలు పెంచడం. ఇసుక రేణువంత లేజర్‌కి కిందొక అద్దం, పైనొక అద్దం ఉండాలి. వెలుగు వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ బలపడాలి. ఆ అద్దం ఒకే పలక కాదు, పూతరేకుల్లా పొర మీద పొర, రెండు రకాల పదార్థాలు ఒకటి విడిచి ఒకటి. ఒక్కో పొర వెనక్కి పంపేది రవ్వంత వెలుగే. పొరలన్నీ సరైన మందంలో కుదిరితే దాదాపు వచ్చిన వెలుగంతా తిరిగిపోతుంది. మందం కాస్త పెరిగిందా, అది వేరే రంగుకి అద్దమవుతుంది. మనకి కావాల్సిన లేజర్ వెలగదు. వేల లేజర్లున్న పళ్ళేనికి పళ్ళెం చెత్తబుట్టలోకి.

చలికాలంలో మెషిన్‌కి పెద్ద రిపేరు జరిగింది. పొరలు పెంచే గ్యాస్ ఎంత వెళ్ళాలో చూసే కంట్రోల్ పెట్టె పాతది తీసేసి కొత్తది బిగించారు. ఆ వెంటనే పోయెన్ చేరాడు. అతను చేరిన దగ్గర్నుంచే అద్దాలు పాడవడం మొదలైంది. పోనీ అందరివీ పాడవుతున్నాయా అంటే అదీ లేదు. మెయ్‌చిన్ షిఫ్టులోవి పాడు, పోయెన్ షిఫ్టులోవి నిక్షేపం. అతను డ్యూటీ దిగే ముందు ఏదో చేసి పోతున్నాడు, చాప కింద నీరులా తన కుర్చీకి ఎసరు పెడుతున్నాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?

క్యాంటీన్‌లో అతని ఎదురుగా లంచ్ బాక్స్ పెట్టుకుని కూర్చుంది.

“ఏం తమ్ముడూ, మీ పాత ఫ్యాక్టరీలో పాకెట్లు పెట్టరా?”

“ఎందుకు పెట్టరక్కా, పెడతారు.”

“ఎక్కడ?”

పోయెన్ చాప్‌స్టిక్స్‌తో అన్నం కెలికాడు. “మెషిన్ పక్కన.”

“పక్కనెందుకు, వీధిలో పెట్టకపోయారా?”

పక్క బల్లవాళ్ళు నవ్వారు. పోయెన్ తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని తిన్నాడు. నంగనాచి, అనుకుంది మెయ్‌చిన్.

ఆ సాయంత్రం ఇంటికి పోతున్నానని చెప్పి, మెషిన్ వెనక గొట్టాల చాటున నిలబడింది. పోయెన్ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. పాకెట్ ఎత్తాడు. జ్వరం చూసినట్టు పెట్టె మీద చెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత పాకెట్‌ని అరలో పెట్టి వెళ్ళిపోయాడు. దొరికాడు, అనుకుంది ఆమె.

మర్నాడు మేనేజర్ ల్యావ్ గదిలో ముగ్గురూ నిలబడ్డారు. నెలాఖరుకల్లా మంచి అద్దాలు అందకపోతే ఆర్డరు రద్దని కొనేవాళ్ళు అప్పటికే కబురు పెట్టారు.

“పాకెట్ జరిపింది నువ్వేనా?” అన్నాడు ల్యావ్.

“నేనే సార్. ఆ పెట్టె వేడెక్కుతోందేమోనని...”

“మరి నాకెందుకు చెప్పలేదు?” అంది మెయ్‌చిన్.

“చేరిన కొత్తలో చెప్పబోయానక్కా. పాకెట్ జోలికొస్తే చెయ్యి విరుస్తా అన్నారు మీరు.”

ఆమె ల్యావ్ వైపు తిరిగింది. “పెట్టె కొత్తది సార్, పరీక్షించి బిగించారు. దొరికిపోయి, తప్పు పాకెట్ మీదికి తోస్తున్నాడు. దొంగచాటుగా దాని మీద చెయ్యి పెట్టడం నా కళ్ళారా చూశాను.”

ల్యావ్‌కి కావాల్సింది ఒక కారణం. దొరికింది. పోయెన్‌ని రేపట్నుంచి రావద్దన్నాడు. పోయెన్ ఆమె వైపు ఒకసారి చూసి, బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాడు.

మెయ్‌చిన్ కొత్త పాకెట్ కొంది. తేదీ రెండుసార్లు చూసుకుంది. ఇంకెవరూ కదపకుండా పెట్టె నెత్తిన నాలుగు వైపులా టేపు వేసి అతికించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆ వారం ఆమె షిఫ్టులో అద్దాలు పాడయ్యాయి. పోయెన్ స్థానంలోకి వచ్చిన మనిషి షిఫ్టులోనూ పాడయ్యాయి. ఒక్కటంటే ఒక్క పళ్ళెం మిగల్లేదు.

ఇప్పుడెవరిని అనుమానించాలి? నడవలో ఒంటరిగా నిలబడి, పోయెన్ పెట్టినట్టే పెట్టె మీద చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. గబగబా టేపు పీకి పాకెట్ ఎత్తింది. దాని కింద వరసగా సన్నటి కంతలు, వాటిలోంచి వేడిగాలి మొహానికి కొట్టింది. పాత పెట్టెకి గాలి కంతలు పక్కన ఉండేవి. కొత్తదానికి నెత్తిన ఉన్నాయి. ఊపిరాడక పెట్టె లెక్క తప్పుతోంది, గ్యాస్ ఎక్కువ పోతోంది, పొరలు మందమవుతున్నాయి. పోయెన్ రోజూ పాకెట్ జరిపి దానికి ఊపిరి పోశాడు. ఆమె రోజూ వచ్చి దాని ముక్కు మూసింది. ఆమెకు ఏడుపొచ్చింది.

పోయెన్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

“పాకెట్ ఇప్పుడెక్కడుందక్కా?”

“చేతిలో ఉంది.”

“పారెయ్యకండి. అరలో పెట్టండి. మెషిన్ అలుగుతుంది.”

పాకెట్ చేతిలో పట్టుకునే ల్యావ్ గదికి వెళ్ళింది. అంతా విని అతను తలుపు దగ్గరికి వేశాడు.

“ఇది ఇక్కడితో వదిలెయ్, మెయ్‌చిన్. ఈ తప్పుకి కారణమైన మనిషిని తీసేశామని కొనేవాళ్ళకి మాట ఇచ్చేశాను. ఇప్పుడు అబద్ధమని ఎలా చెప్పను?”

“అబద్ధం కానక్కర్లేదు సార్,” అంటూ ఆమె మెడలోంచి తన బ్యాడ్జి తీసింది.