తట్టా, బుట్టా, సత్తిబాబు కొట్టు

సత్తిబాబు కొట్టు షట్టరు మూడు రోజులుగా సగానికే లేస్తోంది. రావులపాలెం సెంటర్లో ముప్పయ్యేళ్ళు కిరాణా నడిపిన మనిషి, ఇప్పుడు సొంత కొట్లోకి నడుం వంచి దొంగలా దూరుతున్నాడు. సంగతేమిటంటే, బిల్డింగు చేతులు మారింది. కొత్త ఓనరు తాలూకు మనిషొకడు వచ్చి, నలుగురు ఖాతాదార్ల ముందే, "శనివారానికల్లా తట్టాబుట్టా సర్దేసుకోండి" అన్నాడు. ఖాళీ చెయ్యాలని రెండు నెలల కిందటే తెలుసు, దానికి సత్తిబాబు పెద్దగా బాధపడలేదు. ఈ మాటకి మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టయింది. ఆ రాత్రి అన్నం కూడా మానేశాడు.

బ్యాంకులో పనిచేసే కూతురు శ్రీదివ్య, అరటికాయల మార్కెట్ వెనక సందులో చిన్న కొట్టొకటి మాట్లాడి ఉంచింది. సత్తిబాబు సరేననడు, కాదనడు. సరుకు మూటలు కడుతున్నాడే గానీ వాటిని సందులోకి తోలించాలో ఇంటికి తోలించాలో తేల్చడు. వ్యాపారం చాలించి ఇంట్లో కూర్చోవాలని లోపల్లోపల ఉంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా? సగం దించిన షట్టరు చూసి తనే కథ అల్లుకుంది. సత్తిబాబు అప్పులు ఎగ్గొట్టి ఐపీ పెట్టేశాడన్న మాట శుక్రవారం పొద్దుటికి ఎదుటి టీ కొట్టు దాకా వచ్చేసింది.

అక్కణ్ణించి అతని తల్లి అచ్చాయమ్మ చెవిన పడింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. అయినా మనవరాలి స్కూటీ వెనక కూర్చుని వచ్చి కొట్టు ముందు దిగింది. తను వంగలేదు కనక షట్టరు పూర్తిగా ఎత్తమంది. శ్రీదివ్య ఎత్తేసింది.

"దించమ్మా, జనం చూస్తారు," అన్నాడు సత్తిబాబు లోపల్నించి.

"చూడనీ. ఏరా, వాడెవడో అన్న మాటకేనా ఇదంతా?"

"మనమేమైనా తట్టాబుట్టా మోసుకు తిరిగేవాళ్ళమా అమ్మా?"

"తిరిగినవాళ్ళమే."

అచ్చాయమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "మీ నాన్నా నేనూ వారానికి అయిదు సంతలు చేసేవాళ్ళం. తట్టాబుట్టా అనే మాట ఎలా పుట్టిందో చదువుకున్నోళ్ళు ఏం చెబుతారో నాకు తెలీదు. మాకు మాత్రం అవి కావడికి రెండు పక్కలా వేలాడేవి. తట్ట వెడల్పుగా ఉంటుంది, లోతుండదు. చింతపండూ, మిరపకాయలూ, జనానికి చూపించే సరుకంతా అందులో. బుట్టకి లోతెక్కువ. వండుకునే గిన్నెలూ, దుప్పటీ, నువ్వూ అందులో."

"నేనా?"

"ఏడాది నిండేదాకా. తట్ట ఊరికి, బుట్ట మనకి. అంతే ఆస్తి."

శ్రీదివ్య నవ్వాపుకోలేకపోయింది. సత్తిబాబుకి నవ్వు రాలేదు గానీ చేతిలో పురికొస పక్కన పెట్టాడు.

"రోజూ పొద్దుగూకేసరికి సర్దుకునేవాళ్ళమే, అందులో సిగ్గేముంది? కానీ మీ నాన్న నోరు మూసుకుని ఎప్పుడూ సర్దలేదురా. ఒక్కోటీ ఎత్తుతూ, రేపు ఫలానా ఊళ్ళో ఉంటామని సంతంతా వినబడేలా చెప్పేవాడు. చెప్పకుండా సర్దుకుంటే పారిపోయినట్టు. నువ్విప్పుడు చేస్తున్నదదే."

సత్తిబాబుకి కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఓనరు తీసుకున్నది నాలుగ్గోడలే, ముప్పయ్యేళ్ళ ఖాతాదార్లని తనే చేతులారా వదిలేసుకుంటున్నాడు.

అంతలో మెస్ నడిపే వెంకటదుర్గ గుమ్మం ముందు ఆగింది. వారం వారం ఇక్కడే సరుకులు కొనే మనిషి. చేతిలో ఇంకో కొట్టు సంచీ ఉంది. దాన్ని కొంగు చాటుకి లాక్కుంది.

"కొట్టు ఎత్తేస్తున్నారన్నారండి. అడుగుదామంటే షట్టరు దించేసి ఉంటోందండి."

అచ్చాయమ్మా, శ్రీదివ్యా సత్తిబాబు వంకే చూస్తున్నారు.

"ఎత్తెయ్యట్లేదమ్మా. ఆదివారం నుంచి మార్కెట్ వెనక సందులో. చిన్న కొట్టు. కాస్త నడవాలి."

"నడిస్తే ఏం పోయిందండి? ఈ మినప్పప్పు బాగోలేదండి," అని సంచీ బయటికి తీసి ఒప్పేసుకుంది వెంకటదుర్గ. "ఆదివారం వచ్చేస్తానండి."

ఆమె వెళ్ళాక సత్తిబాబు మెట్లు దిగి రోడ్డు అంచుకి వచ్చాడు. కొట్లో ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. చెవులు వేడెక్కాయి.

"ఆదివారం నుంచి మన కొట్టు మార్కెట్ వెనక సందులోనండీ," అన్నాడు. ఆటోల మోతలో ఎవరూ తల తిప్పలేదు.

"ఇంకాస్త గట్టిగా," అంది అచ్చాయమ్మ.

రెండోసారి రోడ్డు అవతలికి వినబడింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతోనే ఇటు తిరిగారు.

"ఏ సందండీ?" అని అడిగాడొకాయన.

దారి చెప్పడానికి సత్తిబాబు రోడ్డు దాటి వెళ్ళాడు.