సోమవారం ఆగిపోయే బండి

రోగం రాకముందే మందు వేయించుకుంటే అది దేవుడి మీద అపనమ్మకమా? ఈ సందేహం నన్ను చిన్నప్పటి నుంచీ వదల్లేదు. లెక్ నది గట్టు వెంట ఉన్న మా ఊళ్ళలోకి పోలియో వచ్చినప్పుడు, టీకా వేయించడమంటే దైవసంకల్పానికి అడ్డుపడటమేనని మా చర్చిలో చాలామంది నమ్మారు. నాన్న కూడా నమ్మాడు. నాకేమీ కాలేదు. మా చెల్లెలు గెర్డీన్ కాళ్ళలో బలం పోయింది.

ఇప్పుడు ఆమె మా ఇంటి వెనక గదుల్లో ఉంటుంది. మూడు చక్రాల కరెంటు సైకిలు మీద తిరుగుతుంది. కాళ్ళు పెడళ్ళ మీద ఉంటాయి గానీ, లాగేదంతా మోటారే. ఆ రోజు అది గట్టు మీద మళ్ళీ ఆగిపోయింది. ఎదురుగాలిలో బిగుసుకుపోయి కూర్చున్న ఆమెను, బండినీ నేనే వ్యానులో ఇంటికి తెచ్చాను. ఇంకొకసారి ఆగితే బండి వెనక్కి తీసుకుని టాక్సీ ఏర్పాటు చేస్తామని బండి ఇప్పించిన పురపాలక కార్యాలయం వాళ్ళు ఆ పూటే చెప్పేశారు.

"టాక్సీ!" అని షెడ్డులో అరిచింది గెర్డీన్. "చేప తినాలనిపిస్తే ముందురోజు ఫోన్ చేసి చెప్పాలా?"

బండి ఇచ్చిన కంపెనీ నుంచి వచ్చిన మెన్నో తల గోక్కున్నాడు. "మోటారు కొత్తదే వేశామమ్మా. మీరెలా వాడుతున్నారో మరి."

"ఎలా వాడతాను? పందేలకు తోలుతున్నానా?"

"కోప్పడకు. క్షేమంగా ఇల్లు చేరావు, దేవుడి దయ" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి నాన్నా ఇలాగే అన్నాడు. దేవుణ్ణి నేనేమీ అనట్లేదు, అన్నయ్యా. మీ చేతకానితనానికి ఆయన పేరు పెట్టొద్దంటున్నాను."

నా ముఖం వేడెక్కింది. పాలు పితికే యంత్రాలు బాగుచేసి బతికినవాణ్ణి, ఇన్నాళ్ళూ కంపెనీవాళ్ళ పనిలో వేలు పెట్టలేదు. మోటారు తీగ పట్టుకుని వెతుక్కుంటూ పోయాను. సీటు కింద ప్లగ్గు నోరు పైకి పెట్టి ఉంది. విప్పితే లోపల పచ్చగా చిలుము, అడుగున నీళ్ళు.

"వాన నీళ్ళు" అన్నాడు మెన్నో.

"ఏ వాన? వారమంతా ఎండేగా!" అంటూ గెర్డీన్ ఆగింది. "సోమవారం. ఇది ఆగినప్పుడల్లా సోమవారమే, ఆదివారమంతా కదలకుండా ఉన్నాక."

అప్పుడే నా భార్య లీస్‌బెత్ కాఫీ పట్టుకుని వచ్చింది. ఆదివారం పని ముట్టుకోకూడదు కాబట్టి మా ఊళ్ళలో శనివారం సాయంత్రానికి కిటికీలు, మెట్లు, చెత్తడబ్బాతో సహా అన్నీ కడిగేస్తారు. లీస్‌బెత్ దగ్గరైతే నీళ్ళు జోరుగా చిమ్మే యంత్రం కూడా ఉంది.

"వదినా, నా బండిని కూడా కడుగుతున్నావా?"

"కడగనా మరి? ప్రభువు దినాన వాకిట్లో బురద బండి ఉంటే జనం ఏమనుకుంటారు? మెరిసిపోయేలా కడిగాను."

"మెరిసింది. మెరిసి చచ్చింది!"

"నా మీద అరుస్తావేం? దాన్ని అలా కడగకూడదని ఈ పెద్దమనిషి ఒక్కనాడైనా చెప్పాడా?" అని లీస్‌బెత్ కాఫీ కప్పును మెన్నో ముందు ఠక్కున పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

పాత ప్లగ్గు కోసేసి కొత్తది అతికాను. నోరు కిందికి తిప్పాను. హ్యాండిలు తిప్పినప్పుడు లాగకుండా తీగను వదులుగా కట్టి, నీరు ప్లగ్గు చేరకముందే కారిపోయేలా ఒక వంపు కిందికి వేలాడదీశాను. రబ్బరు తొడుగులో గ్రీజు కూరుతుంటే చెయ్యి ఆగింది. నాన్న ఏటా వరదకు ముందే గట్టుకు మట్టి వేయించేవాడు. అది అపనమ్మకమని ఆయనకెందుకు తోచలేదో!

"ఏమిటి ఆలోచన?" అంది గెర్డీన్.

"నాన్న."

"ఆయన మీద నా కోపం ఎక్కడికీ పోదులే. ముందు గ్రీజు పెట్టు."

మెన్నో చక్రం ఎత్తి పట్టుకున్నాడు. లీస్‌బెత్ బకెట్టు నీళ్ళు తెచ్చి, అందరి మీదా ఉన్న కసి అంతా తీర్చుకుంటూ ప్లగ్గు మీద కుమ్మరించింది. మోటారు తిరుగుతూనే ఉంది.

ఆ శనివారం లీస్‌బెత్ బండిని గుడ్డతో తుడిచింది. సోమవారం గెర్డీన్ గట్టెక్కింది. రావద్దన్నా నేను దూరంగా సైకిలు మీద వెళ్ళాను. ఆమె ఒడిలో ఒక వానకోటు ఉంది. ఎప్పుడో రేవు దగ్గర బండి ఆగి తడిసిపోతుంటే సోమవారాల్లో ఏరు దాటించే పంటును నడిపే కోస్ తన ఒంటి మీది కోటు తీసి ఇచ్చాడట. తిరిగి ఇద్దామని బయల్దేరిన ప్రతిసారీ దారిలోనే ఆగిపోయింది. నాకిచ్చి పంపమంటే, "తీసుకున్నది నేను" అని ఒప్పుకోలేదు.

కోస్ నవ్వాడు. "ఇంకా దాచావా? నేను కొత్తది కొనుక్కున్నానే!"

"రెండూ వేసుకో" అని గెర్డీన్ కోటు అతని చేతుల్లో కుక్కింది.