మెట్టుపై వేసిన దస్తీ

వర్షర్తువు తన నీలమేఘపరివారముతో నిష్క్రమించి శరత్తు సుప్రసన్నవదనయై పీఠభూమి నధివసించిన దినములవి. గండశిలాసంకులములైన గుట్టల నడుమ తంగేడుపొదలు కాంచనకుసుమభారముచే నవనతములై దారి కిరువైపుల వెలుగొందుచుండగా సీతాఫలముల గంపలు దింపుకొను స్త్రీల పలుకులతో పట్టణపు చౌరస్తా మేల్కొనుచుండెను. గుట్టల కావల వెలసిన విశ్వవిద్యాలయమునకు బోవు బస్సుకొఱకు విద్యార్థిబృందము ప్రతిదినము నచటనే మూగి మెడలు సాచి నిలుచును. దూరమున ధూళి లేచినంతనే శాస్త్రపారంగతులు గానున్నవారెల్లరు శాస్త్రమును మఱచి సంచులు బిగించి పరుగునకు సన్నద్ధులగుదురు.

ఆ సీమయందు దస్తీధర్మమని యొకటి గలదు. బస్సు నిలువకమునుపే కిటికీగుండ చేతిగుడ్డను లోనికి విసరి యెవ్వ రేయాసనముపై బడవైతురో యది వారిదే యగును. ప్రభుత్వశాసనములను లెక్కసేయనివారును పరీక్షాధికారుల కన్నుగప్పువారును సైత మాజానెడు గుడ్డను దొలగింప సాహసింపరు. తొలగించినవాడు నలుగురిలో దలయెత్తుకొని తిరుగలేడు. పాపము చేసినను బ్రతుకవచ్చును గాని దస్తీ దీసి బ్రతుకరాదని యచటివారి తీర్మానము.

వృక్షశాస్త్రము నభ్యసించు మంజీర యీవిద్యయందు మిక్కిలి నేర్పరి. ఆమెకు బ్రాణసఖి యాకలక్ష్మి. నేతపని చేయు కొమురయ్య కూతురగు నామె తన యింటినుండి విశ్వవిద్యాలయమున నడుగిడిన తొలివ్యక్తి. తండ్రి తన మగ్గముపై బారెడు నిడివిగా నేసి యిచ్చిన యెఱ్ఱయంచు దస్తీని యాకలక్ష్మి యెన్నడును విడువదు. ఒకనాటి యుదయమున నాదస్తీని దీసికొని మంజీర తన దస్తీతోగూడ కిటికీలోనికి విసరి జంటయాసనములను సంపాదించెను. తాను ముందుగా జొరబడి కూర్చుండెను గాని వెనుక నున్న యాకలక్ష్మికి ద్వారము దాట సాధ్యము కాకపోయెను. బస్సునకు ద్వార మొక్కటియే. ఫుట్‌బోర్డని లోకులు వ్యవహరించు నామెట్టుపై యువకులు గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచుండ వారి నడుమ నాబాల యొంటికాలిపై నిలిచి కడ్డీని బట్టుకొనెను. లోపల నిలిచినవారు చెమటలు గ్రక్కుచు నలుగుచున్నను ఎఱ్ఱయంచు దస్తీ పఱచిన యాసనమున గూర్చుండుటకు వారిలో నొక్కరైన దెగింపరైరి.

గుట్టమలుపున బస్సొరిగెను. కడ్డీనుండి యాకలక్ష్మి చేయి జాఱెను. ఆమెకై యుంచిన యాసనము లోపల రిక్తమై యుండగా నామె బయట కంకరపై బడి కాలు విఱుగగొట్టుకొనెను.

ఆస్పత్రికి బరుగెత్తి వచ్చిన కొమురయ్య కూతురి కట్లను జూచి మంచముకడ గూలబడెను. ఆమె తల నిమురుచు నిట్లనెను.

"సదువు సాలు బిడ్డా. పానముంటె బీడీలు సుట్టుకోనన్న బతుకుతవ్. ఆ బస్సు మల్ల ఎక్కనియ్య."

యాకలక్ష్మి గోడవైపు మొగము ద్రిప్పుకొనెను. ఆ మాట ప్రక్కనున్న మంజీర గుండెలో ముల్లయి నాటెను. బస్సు మాఱిననే గాని సఖి చదువు నిలువదని గ్రహించి యామె తిన్నగా విశ్వవిద్యాలయపు రవాణాధికారియగు విశ్వంభరరావు కడ కేగి షెడ్డులో నూరక నిలిచియున్న బస్సులను నడిపింపుడని వేడుకొనెను. అతిథులు వేంచేయునప్పుడు దప్ప నవి కదలుట యెవ్వరును గని యెఱుగరు. ఆయన కండ్లజోడు దుడుచుకొనుచు సావధానముగా నాలకించి చిఱునవ్వు నవ్వెను.

"చూడమ్మా, ఆ రోజు బస్సులో సీటు ఖాళీగనే ఉన్నదంట గదా? సీటు ఖాళీ ఉండంగ ఇగ రద్దీ ఎక్కడిది? మీ పోరగాళ్లకు వేలాడుడు ఒక సరదా."

అది కల్ల యని యెఱిగియు నాయాసనముపై దస్తీ వేసినది తానే గావున మంజీర తలవంచుకొనెను. వెలుపలికి వచ్చి వేపచెట్టు క్రింద నిలిచి వెక్కివెక్కి యేడ్చెను. ఏడ్చి యేడ్చి కన్నులు దుడుచుకొనుటకు సంచిలోనుండి దీసిన గుడ్డ యెఱ్ఱయంచు దస్తీయే యయ్యెను. దానిని రెండుచేతులతో సాచి పట్టి యామె నిడివి కొలిచి చూచెను.

మఱునాడు ప్రయోగపరీక్ష. చౌరస్తాయందు జనసమ్మర్ద మెన్నటికంటె నధికమై యుండెను. బస్సు రాగానే దస్తీలు పిట్టలగుంపువలె గిటికీలలో దూఱెను గాని మంజీర మాత్ర మేకిటికీవైపును బోలేదు. లోపల నిండునంతవఱకు ద్వారముకడ నిలిచి పిమ్మట నెఱ్ఱయంచు దస్తీని మెట్టునకు బైగా నీకడ్డీనుండి యాకడ్డీకి గట్టి తాను నేలపై నిలిచెను. ఫుట్‌బోర్డునకు మకుటములేని మహారాజగు సాంబరాజు తన పరివారముతో బరుగున వచ్చి యాగుడ్డను గాంచి స్తంభించెను.

"ఇదేంది? జరుపు."

"ఇది యాకలక్ష్మి జాగ, సాంబన్నా. ఈన్నే నిలబడ్డది, ఈన్నుంచే పడ్డది. అది తిరిగొచ్చేదాక ఈ మెట్టు మీద ఎవ్వరు నిలబడొద్దు. దస్తీ వేసిన. తీసేటోడివైతె తియ్యి."

పూర్వ మొకమాఱు ముదుసలి వేసిన దస్తీని ద్రోసి కూర్చున్న దుండగుని లేపి క్షమాపణ చెప్పించిన ధర్మరక్షకుడు సాంబరాజే యని యందఱెఱుగుదురు. అతని చేయి ముడివఱకు సాగి యచట నాగెను. పరీక్ష యొకవైపు పరువు మఱియొకవైపు లాగుచుండ నాతడు కొంతతడ వూగిసలాడెను. పిదప జేయి వెనుకకు దీసికొనెను.

"దస్తీ వేసినంక ఇగ మాటలేడివి? ఎన్కకు జరుగుండ్రిరా!"

వెనుకద్దమున నిదియంతయు గనుచున్న డ్రైవరు ఓదెలు చేతులు జోడించెను. "ఇన్నేండ్ల సంది అద్దంల జూసుకుంట గుండె అరచేతుల బెట్టుకోని నడిపిన బిడ్డా. ఇయ్యాల జర నిమ్మలంగ తోల్త" నని పలికి బస్సును గదలించెను. మెట్టుపై నరుడు లేకుండ నాబస్సు గుట్టమలుపు దాటుట యదియే ప్రథమము.

మిగిలినవా రసంఖ్యాకులు. వారిలో నొక్కడును ఆటో యెక్కలేదు. మంజీర దారిప్రక్కన గూర్చుండగా వారును బారులు దీఱి కూర్చుండి తమ తమ దస్తీలను ముందు బఱచుకొనిరి. విశ్వవిద్యాలయమున బరీక్షామందిరములు సగమునకు బైగా శూన్యములయ్యెను. ఆచార్యులు కలవరపడిరి. తుద కుపకులపతి స్వయముగ విశ్వంభరరావును వెంటబెట్టుకొని కారులో విచ్చేసి చౌరస్తానుండి పెట్రోలుబంకువఱకు రంగురంగుల గుడ్డలు పఱచియుండుట గాంచి విస్మితుడై యివి యేమని యడిగెను.

మంజీర లేచి నమస్కరించెను.

"సీటు ఖాళీ ఉన్నదన్నరు గద సార్. ఇవన్ని మేము పట్టుకున్న సీట్లే. కింద బస్సొక్కటే తక్కువున్నది."

ఒక్క పెట్టున నవ్వు లేచెను. సీతాఫలము లమ్ము స్త్రీలును నవ్విరి. ఉపకులపతియు మీసము చాటున నవ్వి పిమ్మట నాగుడ్డల బారును గడవఱకు జూచి నవ్వు మానెను. విశ్వంభరరావు కండ్లజోడు దుడుచుకొనుటకు దన దస్తీని వెదకికొనుచుండగా నుపకులపతి యాయనవైపు దిరిగి షెడ్డులోని బస్సుల నీక్షణమే రప్పింపుడనియు వానిని బ్రతిదినమును నడిపింపుడనియు నాజ్ఞాపించెను. పరీక్ష సాయంకాలమునకు మాఱెను. మధ్యాహ్నమున బస్సులు వరుసదీఱి హారనులు మ్రోయించుచు రాగా విద్యార్థులు చేసిన జయజయధ్వానములకు గుట్టలు మాఱుపలికెను. సాంబరాజు ద్వారముకడ నిలిచి తానే యొక్కొక్కరి నెక్కించి చోటులేనివారిని వెనుకటి బస్సునకు బంపుచుండెను. రాజ్యము పోయినను రాజసము పోదు గదా!

నాటినుండి లోపల నిండిన పిమ్మట నెఱ్ఱయంచు దస్తీని మెట్టునకు గట్టుట యాబస్సున కాచారమయ్యెను. చలికాలము గడచి మోదుగులు పూచువేళకు యాకలక్ష్మి చేతికఱ్ఱ నూతగా గొని చౌరస్తాకు వచ్చెను. ఒక్కమాఱు చూచి వత్తమని మంజీర బ్రతిమాలగా గొమురయ్యయు గూతురి వెంట వచ్చెనే గాని యాతని మొగమున సందేహ మింకను వీడలేదు. బస్సు వచ్చెను. తోపులాట లేకుండ నొకరి వెనుక నొకరెక్కిరి. యాకలక్ష్మి కిటికీప్రక్కన గూర్చుండి తండ్రివైపు చూచెను. ద్వారపుకడ్డీకి వ్రేలాడుచున్న గుడ్డను గొమురయ్య యపుడు గాంచి దగ్గఱకు జని ధూళిచే వెలసిన యాయంచును వ్రేళ్లతో దడవెను.

"ఇది నేను నేసిన గుడ్డనే గద, బిడ్డా!"

"అవును బాపూ. దాన్ని దాటి ఇయ్యాలటిదాంక ఎవ్వరు నిలబడలే."

అతని కన్నులు చెమ్మగిల్లెను. ఓదెలు బస్సు కదలింప సిద్ధముగా నుండి ముడివేయు వానికై వెనుకద్దమున జూచుచుండెను. కొమురయ్య యెవ్వరికి నవకాశ మీయక దస్తీ రెండవ కొంగును దానే యందుకొని మగ్గముపై దెగిన పోగు నతికించు నేర్పుతో నెదుటికడ్డీకి బిగించి ముడివేసి రెండుమాఱులు లాగి చూచెను.

"ఇగ పో బిడ్డా. మంచిగ సదువుకో."

ధర్మము పెద్దల పీఠములయందే వెలయునని లోకము తలచును గాని యొక్కొక్కప్పు డది జానెడు గుడ్డలో దాగియుండి విప్పి పఱచువారికై యెదురుచూచుచుండును. బస్సు గుట్టమలుపు దిరిగి కనుమఱుగగువఱకు గొమురయ్య చౌరస్తాయందే నిలిచి చూచెను. శూన్యమైన యామెట్టుపై నతడు నేసిన యెఱ్ఱయంచు గాలికి రెపరెపలాడుచు బోయెను.