మూరెడు లారీ

మైకెన్‌కు అన్నిటికన్నా భయం ఒక్కటే: మూసిన తలుపు వెనక ఒక మనిషి ప్రాణం పోతుంటే, తను ఆ పేరు ఎదురుగా "బాగున్నారు" అని టిక్కు పెట్టడం.

గురువారం ఉదయం రెండేళ్ళ కూతుర్ని శిశుకేంద్రంలో దింపి, ఆఫీసులో ఫోను ముందు కూర్చుంది. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకోవడం ఆమె పని. నాలుగేళ్ళుగా రోజూ ఎనిమిదింటికి ఒంటరి ముసలాయన హెల్గే ఇంటికి వెళ్ళి, అతని వాచిన కాళ్ళకు బిగువు మేజోళ్ళు తొడిగి, కాఫీ పెట్టి వచ్చేది. ఈ వారం నుంచి మనిషి వెళ్ళనక్కర్లేదట. ఫోను చాలట.

"ఫోన్లో మేజోళ్ళెట్లా తొడుగుతావే పిల్లా?" అన్నాడు హెల్గే, ఆమె ఆఖరిసారి వెళ్ళిన రోజున.

"నన్నడిగితే ఏం లాభం తాతా? పెద్దాళ్ళనడుగు."

"వాళ్ళ కాళ్ళు వాచినప్పుడు అడుగుతాలే."

నవ్వుతున్నా అతని చేతులు పని ఆపలేదు. నలభై ఒక్కేళ్ళు అడవిలోంచి దుంగలు తోలిన చేతులవి. భార్య హిల్దూర్ పోయాక, తను తోలిన పాత లారీ, స్కానియా-వాబిస్‌ను ఇరవయ్యో వంతుకు కుదించి వంటింటి బల్ల మీద కడుతున్నాడు. మూరెడు పొడవు. గుండ్రటి ముక్కు, పొగాకు డబ్బా రేకుతో ఇంజను మూత, పాత చేతితొడుగు తోలుతో సీటు. ఆ సీటుకు అసలు లారీలో ఉన్నచోటే చిరుగు. పక్కసీట్లో బియ్యపు గింజంత ఫ్లాస్కు, హిల్దూర్‌ది.

"కాళ్ళు చూడకుండా బాగున్నాడని ఎలా రాయను?" అని మైకెన్ సోమవారమే పోట్లాడింది.

"అడుగు. అవునంటే టిక్కు పెట్టు," అంది పైఅధికారి గున్వోర్. "నీలా కాఫీలు తాగుతూ కూర్చునే తీరిక ఇక్కడెవరికీ లేదు."

ఈ గురువారం ఎనిమిదింటికి హెల్గేకు ఫోను చేసింది.

"తాతా, బాగున్నావా?"

చప్పున ఊపిరి లోపలికి లాగిన శబ్దం. ఉత్తరాన అడవుల మధ్య ఉన్న ఆ ఊళ్ళో అవునని మాటతో అనరు. పెదాలు సున్నాలా చుట్టి గాలి పీలుస్తారు, అంతే.

"కాఫీ తాగావా?"

మళ్ళీ అదే.

"సరే, రేపు చేస్తా." టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం రొట్టె నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. హెల్గే ఒక్క ఎకసక్కెమైనా ఆడకుండా ఫోను పెట్టనిస్తాడా? కోటు గుండీలైనా పెట్టుకోకుండా మంచులో అతని ఇంటికి పరుగెత్తింది.

బల్ల దగ్గర కుర్చీలోనే ఉన్నాడు. ఒళ్ళో ఫోను. చెయ్యి చల్లగా ఉంది. పొద్దున తను విన్నవి అవునులు కావు, గాలి అందక లాగిన గుక్కలు.

గున్వోర్‌కు ఫోను చేసింది.

"నీ తప్పేం లేదమ్మా," అంది గున్వోర్. "రూలు ప్రకారమే చేశావు."

"రూలు ప్రకారమే చచ్చిపోయాడు!" అని అరిచింది మైకెన్. "ఇదే తలుపు నేను తీసి ఉంటే, ఆ ముఖం చూసి ఉంటే, ఎనిమిదింటికే అంబులెన్సు వచ్చేది!"

లారీ ముక్కు కిటికీ వైపు తిరిగి ఉంది. వెనక చక్రం మీద ఎర్రరంగు సగం దాకానే వచ్చి ఆగింది.

రెండు వీధుల అవతల, పచ్చమేడ పై అంతస్తులో ఆల్వా అనే తొంభై ఏళ్ళ మనిషి ఉంది. రేపు ఎనిమిదింటికి ఆమెకూ ఫోనే వస్తుంది. అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, దయచేసి మెట్లెక్కి, తలుపు తట్టి, ఆమె ముఖం చూసి రండి.